మాస్టారి చేతికి అందని రికార్డు: ఘంటసాల గారి భగవద్గీత కథ



గీతా జయంతి వీడియోలో ఘంటసాల గారి గురించి నేను మాట్లాడింది మహా అయితే రెండు నిమిషాలు. ఎడిటింగ్‌లో అందులోనూ సగం పోయింది. చెప్పాలనుకున్నదంతా మిగిలిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే. మెట్రోలోనో, రాత్రి పడుకునే ముందో తీరిగ్గా చదువుకోండి.

అసలు ఇదంతా మా అమ్మమ్మ గారింటి వాకిట్లో మొదలైంది. వాళ్ళది ఆత్రేయపురం. అవును, పూతరేకుల ఆత్రేయపురమే. వాడపల్లి వెంకన్న వీడియో తియ్యడానికి వెళ్ళినప్పుడు రెండు రోజులు అక్కడే ఉన్నాం. శనివారం షూట్ అయిపోయింది. ఆదివారం తెల్లవారుజామున అయిదింటికే మెలకువ వచ్చేసింది. తర్వాతి వీడియో గీతా జయంతిది. దానికి ముందు ఘంటసాల గారి భగవద్గీత ఒక్కసారి పూర్తిగా విని నోట్స్ రాసుకోవాలి. ఆ పని నెల రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకో చెప్తాను. సరే, ఇవాళ ఎలాగైనా కానిచ్చేద్దామని అరుగు మీద కూర్చుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ప్లే నొక్కాను. అవి కనెక్ట్ కాలేదు. ఆ గొంతు ఒక్కసారిగా వీధంతా మోగింది.

పెరట్లో పొయ్యి దగ్గర రేకులు తీస్తున్న మా పిన్ని పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ముందు దాన్ని కట్టెయ్యమంది. తెల్లారకుండా మనింట్లోంచి అది వినిపిస్తే అమ్మకేదో అయిందనుకుని వీధి వీధంతా వచ్చేస్తారని ఆవిడ భయం. అమ్మ అంటే మా అమ్మమ్మ. ఎనభై దాటాయి. ఆవిడేమో లోపల మంచం మీద లేచి కూర్చుని, ఎందుకు కట్టేశారని అడిగింది. తాతయ్య రోజూ పెట్టుకునేవారు కదా, ఉండనివ్వమంది.

పిన్ని భయంలో తప్పేం లేదండి. మీరే ఆలోచించండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు, వెనక నుంచి ఘంటసాల గారి గీత వినిపిస్తే మీకు ముందు ఏం గుర్తొస్తుంది? కురుక్షేత్రమా, వైకుంఠ రథమా? మనలో చాలామంది ఆ గొంతుని మొదటిసారి విన్నదే ఎవరో పోయిన ఇంటి ముందు. నా సంగతి అంతే. ఆరేళ్ళ క్రితం మా తాతయ్య పోయినప్పుడు రావులపాలెం నుంచి బండి వచ్చింది. ఇంటి ముందు నుంచి గోదావరి గట్టు దాకా దాని మైకులో అదే. నేను వెనకాల నడుస్తున్నాను. అప్పటి నుంచి ఆ గొంతు వింటే కడుపులో తిప్పేస్తుంది. భక్తి ఛానల్‌లో పని చేసుకుంటూ, ఘంటసాల గారి గీత మాత్రం నేను వినను అని టీమ్‌లో ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

మరి అదే బండి వెనక నడిచిన అమ్మమ్మకి అలా ఎందుకు అనిపించట్లేదు? ఆ ప్రశ్నతోనే నేను ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసింది, ఆ రికార్డు గురించి నాకు తెలిసినవాటిలో సగం తప్పులని.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ గారు, తల్లి రత్నమ్మ గారు. ఆ తండ్రి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆయన మృదంగం వాయించేవారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. ఊళ్ళలో భజనలకి వెళ్తూ కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవారు. తండ్రి తరంగం పాడుతుంటే పిల్లాడు దానికి ఆడేవాడు. చూసినవాళ్ళు ముచ్చటపడి బాల భరతుడని పిలిచేవారట. అంటే ఆయన చెవిలో పడ్డ మొదటి సంగీతమే కృష్ణుడి సంగీతం. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

పిల్లాడికి పదకొండేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయారు. పోతూ పోతూ ఒక్కటే కోరారు, సంగీతం నేర్చుకుని పెద్ద విద్వాంసుడివి కావాలని. కుటుంబాన్ని మేనమామ పిచ్చిరామయ్య గారు చూసుకున్నారు. సంగీతం మాత్రం ఎవరూ ఊరికే నేర్పలేదు. విద్వాంసుల ఇళ్ళలో ఉండి బట్టలుతికి, వంట చేసిపెట్టి, ఆ పనుల మధ్యలో దొరికిన కాసింత నేర్చుకోవడం. అలా కొన్నాళ్ళు అయ్యాక, ఇలా లాభం లేదనుకుని విజయనగరం బయల్దేరారు. అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల ఉంది కదా. దారి ఖర్చుకి వేలి ఉంగరం అమ్మేశారు. నలభై రూపాయల ఉంగరానికి వచ్చింది ఎనిమిది రూపాయలు. తీరా వెళ్ళేసరికి కాలేజీకి వేసవి సెలవులు!

మనం ఇంటర్వ్యూకి వెళ్ళి, ఇవాళ ఆఫీసు లేదంటే ఎంత గొడవ చేస్తాం. ఆయన ప్రిన్సిపాల్‌ గారిని బతిమాలుకుని ఆ ఆవరణలోనే ఉండిపోయారు. వారాలు చేసుకుని తినేవారు. వారాలంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా వారానికో పూట చొప్పున పేద విద్యార్థికి ఊరివాళ్ళు అన్నం పెట్టేవారు. అదీ ఎక్కువ రోజులు సాగలేదు. తోటి కుర్రాళ్ళు చేసిన తప్పు ఈయన మీద పడింది, ఆవరణలోంచి వెళ్ళగొట్టారు. ఆ కబురు తెలిసి వారాలు పెట్టేవాళ్ళు కూడా ఇక రావద్దన్నారు. ఊళ్ళో ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నారు.

అక్కడికి వచ్చారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరు చిన గురువుగారని ఆయనకి పేరు. కాలేజీలో గాత్రం చెప్పే ఆయన ఈ కుర్రాడి సంగతి విని, ఇంటికొస్తే డబ్బు తీసుకోకుండా పాఠం చెప్తానన్నారు. పాఠం వరకే. ఆయన కూడా పేదవారే, శిష్యుడికి అన్నం పెట్టే స్తోమత లేదు. అప్పుడు ఒక సాధువు జోలె కట్టుకుని మాధుకరం చెయ్యడం నేర్పారట. ఘంటసాల గారు, మన ఘంటసాల గారు, విజయనగరం వీధుల్లో ఇంటింటికీ వెళ్ళి అన్నం అడుక్కున్నారు. పగలు తిన్నది పోగా మిగిలిన మెతుకులు రాత్రికని గుడ్డలో మూటకట్టి పెట్టుకుంటే, చీమలు పట్టేసేవి.

ఈ భాగం చదువుతున్నప్పుడు నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. ఇలాంటి కథలు మనం పురాణాల్లో వింటాం, ఏదో యుగం అనుకుంటాం. ఇది 1930ల నాటి మాట. మా తాతయ్య తండ్రి కాలం.

సెలవులయ్యాక కాలేజీలో చేరి, నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలోనే పూర్తి చేశారు. జీవితాంతం గురువు అంటే సీతారామశాస్త్రి గారి పేరే చెప్పారు. ఇంకో ముచ్చట. ఆ గురువుగారి అబ్బాయి సంగీతరావు గారు తర్వాత మద్రాసులో ఏళ్ళ తరబడి ఘంటసాల గారి పక్కనే ఉన్నారు, హార్మోనియం మీద, ఆర్కెస్ట్రా దగ్గర. గురువు రుణం శిష్యుడు అలా తీర్చుకున్నారో, గురువే కొడుకు రూపంలో శిష్యుణ్ణి కాపలా కాశారో మనకేం తెలుసు. సంగీతరావు గారు 2021లో నూరేళ్ళు నిండాక పోయారు.

తర్వాత క్విట్ ఇండియా ఉద్యమం. 1942లో అందులో దిగి అరెస్టయ్యారు. బళ్ళారి దగ్గర అలీపురం జైల్లో పద్దెనిమిది నెలలు ఉన్నారు. బయటికొచ్చాక 1944 మార్చి 4న సావిత్రి గారితో పెళ్ళి. ఆ సాయంత్రం కచేరీకి ఎవరినీ పిలవలేదు, పెళ్ళికొడుకే కూర్చుని పాడేశారు. ఇది నాకు భలే నచ్చింది.

పెదపులివర్రులో సముద్రాల రాఘవాచార్య గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. వెళ్ళారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది. వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక పానగల్ పార్కులో తలదాచుకున్నారు.   ఇప్పుడు చెన్నై టి.నగర్ వెళ్తే పక్కనే షాపింగ్, జనం, పట్టు చీరల బ్యాగులు. ఆ పార్కు ఇంకా అక్కడే ఉంది.

ఇక సినిమాల సంగతి నేను పెద్దగా చెప్పను. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే నాకంటే బాగా చెప్తారు. మొదట బృందగానాలు, రేడియో, హెచ్.ఎం.వి.లో ప్రైవేటు రికార్డులు. 1949లో మన దేశం, కీలుగుర్రం, 1951లో పాతాళ భైరవి, 1953లో దేవదాసు, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ. పాతికేళ్ళ పాటు తెలుగులో హీరో నోరు తెరిస్తే వచ్చింది ఆయన గొంతే. రామారావు గారికి ఒకలా, నాగేశ్వరరావు గారికి ఒకలా.

కానీ మన ఛానల్ చూసేవాళ్ళకి ఒక్క సినిమా గురించి మాత్రం చెప్పాలి. 1960లో వచ్చిన శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం. అందులో స్వామి ఎదుట కూర్చుని పాట పాడే గాయకుడిగా తెర మీద కనిపించేది స్వయంగా ఘంటసాల గారే. వేరే ఎవరో పెదవులు కదపడం కాదు. మనం వాడపల్లి షూట్‌లో గుడి బయట పాటల పెన్‌డ్రైవ్‌లు అమ్మే ఆయనతో మాట్లాడాం కదా, ఆయన మైకులో అప్పుడు మోగుతున్నది కూడా మాస్టారి గొంతే. మాస్టారు అనే పిలిచేవారు ఆయన్ని అందరూ. తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన గాయకుడిగానూ గౌరవం దక్కింది. 1970లో పద్మశ్రీ. 1971లో అమెరికా, యూరప్ వెళ్ళి కచేరీలు చేసి వచ్చారు.

సినిమాల కంటే నాకు ముఖ్యంగా అనిపించింది ఆయన పద్యం. మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో నాటకం అంటే పద్యమే. రాత్రంతా కురుక్షేత్రం ఆడుతుంటే, ఒక్క పద్యానికి పావుగంట రాగం తీసి, వన్స్ మోర్ కొట్టించుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునే నటులు ఉండేవారు. రాగం బాగుండేది, మాట మాత్రం అందులో మునిగిపోయేది. ఘంటసాల గారు ఆ రాగాన్ని కత్తిరించారు. ఎంత కావాలో అంతే. మాట ముందు, పాట తర్వాత. ఒత్తులు ఒత్తుల్లాగే, దీర్ఘాలు దీర్ఘాల్లాగే. చదువు రాని మనిషికి కూడా పద్యంలో ఏం జరుగుతోందో అర్థమయ్యేది. కరుణశ్రీ గారి పుష్పవిలాపం పద్యాలు రికార్డుగా వచ్చాక, ఛందస్సంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా అవి నోటికి చెప్పేవారు. మా అమ్మమ్మ చదివింది అయిదో తరగతి. ఇప్పటికీ చెప్తుంది, రేకుకి రేకుకి మధ్యలో.

ఆ నేర్పే గీతలోకి వచ్చింది.

భగవద్గీత పాడాలన్న కోరిక ఆయనకి చాలాకాలంగా ఉంది. అది అయ్యాక ఇంక సినిమా పాటలు మానేద్దామని కూడా అనుకున్నారట. కానీ సినిమా వదలలేదు, కచేరీలు వదలలేదు. ఆరోగ్యం వదిలింది. అప్పటికే చక్కెర వ్యాధి. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెల్లో నొప్పి వచ్చింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

ఒక్కసారి ఆయన వైపు నుంచి చూడండి. యాభై ఏళ్ళు. గుండె ఇంకెంతకాలం సహకరిస్తుందో తెలియదు. ఒక పూట పాడగలిగే శక్తి ఉంటే దాన్ని సినిమాకి ఇస్తే డబ్బొస్తుంది. ఇంటి నిండా మనుషులు, ఖర్చులు. ఆ శక్తిలో కొంత తీసి, ఎవరు కొంటారో తెలియని సంస్కృత శ్లోకాల మీద పెట్టారు. అప్పటికి గీత అంటే పండితుల ఇంట్లో పారాయణం, లేదంటే సాయంత్రం పూట పురాణ కాలక్షేపం. టికెట్ కొని సినిమాకి వెళ్ళే మనిషి రికార్డు కొనుక్కుని గీత వింటాడని ఎవరనుకుంటారు?

గీతలో ఏడు వందల శ్లోకాలు. ఎల్‌పీ రికార్డు ఒక వైపుకి పట్టేది ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. అన్నీ పాడడం కుదరదు. నూటికి పైచిలుకు శ్లోకాలు ఎంచుకున్నారు. అంటే దాదాపు ఏడింటికి ఒకటి. శ్లోకం పాడతారు, వెంటనే దాని భావం మామూలు తెలుగులో, అదే గొంతుతో చెప్తారు. మళ్ళీ శ్లోకం. అంతే పద్ధతి. రాగం మారుతూ ఉంటుంది, కానీ ఎక్కడా రాగం ముందుకొచ్చి నిలబడదు. వాద్యాలు కూడా ఒదిగి ఉంటాయి. నాటకం పద్యానికి ఆయన చేసిందే ఇక్కడ కృష్ణుడి మాటకి చేశారు.

ఈ ఎంపిక మీద అభ్యంతరాలు ఉన్నాయండి. ఏడు వందల్లో ఆరు వందలు వదిలేస్తే గీత ఎలా అవుతుందని పెద్దలు కొందరంటారు. ఇంకొకటి, భావం అంత క్లుప్తంగా చెప్తే ఆచార్యుల భాష్యాల్లో ఉన్న లోతు రాదు. రెండూ నిజమే. పూర్తి గీత చదవాలనుకుంటే ఆ రికార్డు సరిపోదు, పుస్తకం తీసుకోవాల్సిందే. నేనైతే ఇలా అనుకుంటాను. ఆ ఆరు వందల దగ్గరికి తెలుగువాళ్ళలో ఎక్కువమందిని నడిపించింది ఈ నూరే. మా తాతయ్య దగ్గర గీత పుస్తకం ఉండేది, గీతా ప్రెస్‌ది, అట్ట ఊడిపోయి. అది ఆయన కొన్నది క్యాసెట్ విన్న తర్వాత.

ఇక నాకు తప్పుగా తెలిసిన సంగతి. చిన్నప్పటి నుంచి నేను విన్న కథ ఏంటంటే, ఘంటసాల గారు గీత చివరి శ్లోకం పాడి, ఆ మైకు ముందే కన్నుమూశారని. మీరూ వినే ఉంటారు. వాట్సాప్‌లో ఏడాదికోసారి తిరుగుతూ ఉంటుంది. అది జరగలేదు. రికార్డింగ్ పూర్తయింది. ఆయన సినిమా పాటలు కూడా ఇంకా పాడుతూనే ఉన్నారు. 1973లో వచ్చిన భక్త తుకారాంలో, జీవన తరంగాల్లో, దేవుడు చేసిన మనుషుల్లో వినిపించేది ఆ గుండెనొప్పి తర్వాతి గొంతే. 1974 మొదట్లో ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఫిబ్రవరి 11న మద్రాసులో ఆసుపత్రిలో పోయారు. వయసు యాభై ఒకటి. గీత రికార్డు విడుదలైంది ఆయన పోయిన తర్వాత, అదే ఏడాది.

అసలు కథ వాట్సాప్ కథ కంటే నన్ను ఎక్కువ కదిలించింది. చివరి శ్లోకం పాడి ప్రాణం వదలడంలో ఒక సినిమా ముగింపు ఉంది. ఇక్కడ అదేం లేదు. ఏళ్ళ తరబడి అనుకున్న పని చేశారు. అట్ట మీద తన పేరుతో కుక్క బొమ్మ రికార్డు చేతికి రాకముందే వెళ్ళిపోయారు. అది ఇంటింటికీ చేరుతుందని గానీ, యాభై ఏళ్ళ తర్వాత కూడా మోగుతుందని గానీ ఆయనకి తెలిసే అవకాశం లేదు. ఫలితం సంగతి పక్కన పెట్టి పని చెయ్యమని కృష్ణుడు రెండో అధ్యాయంలో చెప్పే చోటు మనం వీడియోల్లో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. వ్యూస్ రాకపోతే మూడు రోజులు అన్నం సయించని నేను కూడా చెప్పాను. ఆయన ఆ శ్లోకం పాడి, నిజంగానే ఫలితం చూడకుండా పోయారు.

మరి అది శవయాత్ర పాట ఎలా అయింది? ఒక్కరు చేసింది కాదు. రికార్డు తర్వాత క్యాసెట్ వచ్చింది, పల్లె పల్లెకీ వెళ్ళింది. ఎవరైనా పోయిన ఇంట్లో గీత చదివించడం ముందు నుంచీ ఉన్న ఆచారమే. చదివే పంతులు గారు దొరకని చోట క్యాసెట్ పెట్టారు. తర్వాత మైకు సెట్టు, తర్వాత బండి. రెండో అధ్యాయంలో ఆత్మకి చావు లేదని చెప్పే శ్లోకాలున్నాయి కాబట్టి ఏడుస్తున్న ఇంటికి అది ఓదార్పు. ఇందులో తప్పు పట్టడానికి ఏం లేదు. ఎటొచ్చీ, పొద్దున్న ఇళ్ళలో మోగడం తగ్గిపోయి, బండి మీద మోగడం మిగిలిపోయింది. నా వయసువాళ్ళకి బండి ఒక్కటే తెలుసు.

దీని గురించి అమ్మమ్మ ఒక సంగతి చెప్పింది. వాళ్ళ చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందు మైకులో ఘంటసాల గారు పాడిన వెంకటేశ్వరస్వామి పాట వేసేవారట. అది వినపడిందంటే ఊళ్ళో ఆడవాళ్ళు చేస్తున్న పని వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని పరుగో పరుగు. ఆవిడకి ఆ గొంతు అంటే ఆట మొదలవుతోందని గుర్తు. అదే గొంతు నాకు, అంతా అయిపోయిందని గుర్తు. గొంతు ఒక్కటే అండి. మేమిద్దరం విన్న చోటు వేరు.

తాతయ్య సంగతి కూడా అప్పుడే చెప్పింది, నాకు అంతకుముందు తెలియదు. ఆయన మిల్లులో గుమాస్తా. ఒక ఏడాది గోదావరి వరద లంకల మీదికి వచ్చి, కౌలుకి చేసిన అరటి తోట మొత్తం పోయింది. అప్పులయ్యాయి. నెలరోజులు మనిషి మంచం దిగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రాజమండ్రి నుంచి వచ్చిన మా పెద్ద తాతయ్య ఒక టేప్ రికార్డరు, ఈ క్యాసెట్లు తెచ్చి మంచం పక్కన పెట్టి వెళ్ళారు. మొదట్లో తాతయ్య వినలేదట. అమ్మమ్మే పెట్టేది, ఇంట్లో ఏదో ఒక మనిషి గొంతు ఉండాలని. కొన్నాళ్ళకి ఒక పొద్దున్న ఆయనే లేచి, క్యాసెట్ తిరగేసి, మొహం కడుక్కుని మిల్లుకి వెళ్ళారు. అంతకంటే ఏమీ జరగలేదంది. ఏ శ్లోకం దగ్గర లేచారని నేను ఆత్రంగా అడిగాను, వీడియోకి బాగుంటుందని. నవ్వింది. ఆవిడ అప్పుడు పొయ్యి దగ్గర ఉందట, చూడలేదట.

గీత మొదలయ్యేది ఎక్కడో చూడండి. ఒక మనిషి ఒళ్ళంతా వణికి, విల్లు జారిపోయి, నావల్ల కాదని రథంలో కూలబడతాడు. చనిపోయిన మనిషి కాదు, బతికున్న మనిషి. లేచి నిలబడి తన పని చేసేలా చెయ్యడానికే కృష్ణుడు అంతసేపు మాట్లాడతాడు. అర్జునుడు నీరుగారిపోయి మాట్లాడే చోట మాస్టారి గొంతు ఎలా ఉంటుందో, కృష్ణుడు అందుకునేసరికి ఎలా మారుతుందో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. తరంగాలు పాడే తండ్రి భుజాల మీద కూర్చుని కృష్ణుణ్ణి విన్న పిల్లాడు, పానగల్ పార్కులో రోజులు గడిపిన కుర్రాడు, గుండెనొప్పితో ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి, ముగ్గురూ అక్కడ ఉన్నారనిపించింది నాకు. మీకు అనిపించకపోవచ్చు. నేను ఈ మధ్య ఇదే చదువుతున్నాను కాబట్టి అలా వినిపించి ఉండొచ్చు.

ఆ ఆదివారం సంగతి పూర్తి చెయ్యలేదు కదూ. అమ్మమ్మ మాట మీద మళ్ళీ పెట్టాను, ఈసారి కావాలనే స్పీకర్‌లో. మొదటి అయిదు నిమిషాలు నాకు చాలా కష్టమైంది, దాచుకోవడం ఎందుకు. బండి, గట్టు, తాతయ్య కాళ్ళు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ పిన్ని మళ్ళీ పని మొదలుపెట్టింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి అలా లాగగానే, తెల్లటి రేకు పైకి లేస్తుంది. కాగితం కంటే పల్చన. చూపు పక్కకి పోయిందా, మాడిపోతుంది. నేను ఆ రేకులే చూస్తూ కూర్చున్నాను. వాకిట్లోంచి గొంతు వస్తూనే ఉంది. ఎప్పుడో గమనించాను, కడుపులో తిప్పడం ఆగింది. భావం చెప్పే చోట అమ్మమ్మ కూడా లోపలి నుంచి మాట మాటకీ కలుపుతోంది, ఆయన కంటే అర క్షణం ముందే.

ఏడు కాకుండానే పిన్ని అన్నంతా అయింది. పక్కింటి మామ్మ గోడ మీంచి తల పెట్టి, మొహం అదోలా పెట్టుకుని, అందరూ బాగానే ఉన్నారా అని అడిగింది. పిన్ని నా వైపు ఉరిమి చూసింది. అమ్మమ్మ కర్ర పట్టుకుని మెల్లగా పెరట్లోకి వచ్చి, అందరం బాగానే ఉన్నామని, ఇంకా కర్మయోగంలోనే ఉన్నామని, గోడ దగ్గర నిలబడే బదులు వచ్చి కూర్చుని రెండు రేకులు చుట్టమని చెప్పింది. ఆవిడ వచ్చింది. నెయ్యి గిన్నె తనవైపు జరుపుకుని, సౌండ్ కొంచెం పెంచమంది.